వైన్ షాపు ఊళ్లో, పర్మిషన్ ఊరి బయట

ఊళ్లో ఎవరైనా పిండిమర పెట్టాలంటే పంచాయతీ అనుమతి తీసుకోవాలి. ఇల్లు కట్టాలంటే ప్లాను పాస్ చేయించుకోవాలి. అదే ఊళ్లో వైన్ షాపు తెరవడానికి మాత్రం సర్పంచు సంతకంతో పని లేదు. ఏ మండలంలో ఎన్ని షాపులు ఉండాలో, లైసెన్సు ఫీజు ఎంతో హైదరాబాదు నుంచో అమరావతి నుంచో వచ్చే పాలసీ చెబుతుంది. కలెక్టరు డ్రా తీస్తారు, ఎక్సైజ్ వాళ్లు లైసెన్సు ఇస్తారు. కొత్త పాలసీ వచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఆడవాళ్లు షాపు ముందు బైఠాయించి "మమ్మల్నెవరైనా అడిగారా?" అని నిలదీస్తారు. నిజానికి వాళ్లను అడగాలన్న నిబంధనే లేదు. ఎందుకు లేదో తెలియాలంటే బ్రిటిష్ కాలం దాకా వెళ్లాలి.

1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. నిజాం రాజ్యంలో ఆబ్కారీ పద్ధతి వేరుగా నడిచేది. రెండు చోట్లా అసలు సూత్రం ఒక్కటే: మత్తు పానీయం అమ్ముకునే హక్కు సర్కారుది, దాన్ని డబ్బు కట్టిన వాడికి కొంతకాలం ఇస్తుంది. వేలంపాటలో ఎవరు ఎక్కువ పాడితే దుకాణం వాళ్లది. కిస్తీలు సరిగా వస్తున్నాయా, దొంగసారా కాస్తున్నారా అన్నవే సర్కారు పట్టించుకునే విషయాలు. అంటే ఇది పాటదారుకీ ఖజానాకీ మధ్య బేరం. దుకాణం పెట్టే ఊరు ఆ బేరంలో లేదు. తర్వాత చట్టాల పేర్లు మారాయి, జెండా మారింది, ఈ ఒక్క లక్షణం మాత్రం మారలేదు.

నిషేధం తెచ్చినప్పుడు కూడా అది పైనుంచే వచ్చింది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టి మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. యుద్ధకాలంలో సడలినా, 1948 నాటికి ప్రెసిడెన్సీ అంతటా అమల్లోకి వచ్చింది. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ఆ చట్టం వారసత్వంగా దక్కింది, దానితోపాటు కల్లుగీత కార్మికుల బతుకు సమస్య కూడా. గౌతు లచ్చన్న గీత కార్మికుల తరఫున పోరాడారు. 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఈ మద్యనిషేధం వ్యవహారం మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తెలుగువాళ్ల తొలి రాష్ట్రంలో తొలి మంత్రివర్గం కూలింది కల్లు గొడవతోనన్నది ఇప్పుడు చాలామందికి గుర్తుండదు.

1956 తర్వాత ఒకే రాష్ట్రంలో రెండు పద్ధతులు నడిచాయి. ఆంధ్ర ప్రాంతంలో నిషేధం, తెలంగాణలో ఆబ్కారీ వేలాలు. 1968 నాటి ఎక్సైజ్ చట్టంతో రాష్ట్రమంతా ఒకే దారిలోకి వచ్చింది. రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలోది. నిషేధం కోసం ప్రయత్నించాలని 47వ అధికరణం చెబుతుంది గానీ అది ఆదేశిక సూత్రం మాత్రమే, కోర్టుకెక్కి అమలు చేయించుకోలేం.

అసలు కథ 1980లలో మొదలైంది. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో సరఫరా చేయించింది. ప్యాకెట్ రావడంతో సారా అంగడి దాకా వెళ్లే పని తప్పింది. కాంట్రాక్టరు మనుషులు ఊరి నడిబొడ్డుకీ వాడకీ తెచ్చి అమ్మారు. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే ఆ ప్యాకెట్లకు పోయేవి. 1986లో ఐఎంఎఫ్‌ఎల్ (బ్రాందీ, విస్కీ లాంటి విదేశీ తరహా మద్యం) టోకు వ్యాపారం కోసం బేవరేజెస్ కార్పొరేషన్ కూడా పెట్టారు.

నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులవి. రాత్రి బడుల్లో ఆడవాళ్లు చదువుకున్న వాచకంలో సారా మీద ఒక పాఠం ఉంది. ఆ పాఠం మీద మొదలైన మాటలు దూబగుంటలో సారా దుకాణం మూయించేదాకా వెళ్లాయి. దూబగుంట రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఉద్యమం ఊరూరికీ పాకింది. వాళ్లు ఎంచుకున్న ఎత్తుగడ గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. అంగళ్ల ముందు ధర్నాలతో సరిపెట్టకుండా నెల్లూరులో వేలంపాటనే అడ్డుకున్నారు. వేలాలు పలుమార్లు వాయిదా పడ్డాయి. దుకాణం ఒక్కటి మూస్తే పక్క ఊళ్లో తెరుస్తారు. పాటే జరగకపోతే ఖజానాకు రావాల్సిన డబ్బు ఆగిపోతుంది. చట్టం ఊరికి ఇవ్వని వీటో అధికారాన్ని ఆ ఆడవాళ్లు వేలం హాలు గుమ్మం దగ్గర నిలబడి తీసుకున్నారు. ప్రభుత్వం దిగొచ్చి 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించింది.

ఇదే సమయంలో ఢిల్లీలో 73వ రాజ్యాంగ సవరణ జరుగుతోంది. 1992 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ఆ సవరణతో పదకొండో షెడ్యూలు వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు అందులో రాశారు. తాగునీరు, రోడ్లు, సంతలు, పశుపోషణ, చివరికి గ్రంథాలయాలు కూడా ఉన్నాయి. మద్యం లేదు. నెల్లూరు పల్లెలు అంతగా అట్టుడుకుతున్నప్పుడు కూడా ఎవరికీ తట్టలేదా అనిపిస్తుంది. తట్టకపోవడం కాదని నా అనుమానం. ఎక్సైజ్ ఆదాయాన్ని ఏ రాష్ట్రం చేజార్చుకుంటుంది?

ఒక్క మినహాయింపు ఉంది. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మద్యం అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ ఇవ్వాలంది. ఉమ్మడి రాష్ట్రం 1998లో దాన్ని తన పంచాయతీరాజ్ చట్టంలో చేర్చింది, నియమావళి రావడానికి 2011 దాకా పట్టింది. కాబట్టి పాడేరు ఏజెన్సీలోని గ్రామానికి చట్టప్రకారం ఉన్న మాట గుంటూరు పక్క గ్రామానికి లేదు.

ఇక మైదానంలో జరిగింది తెలిసిందే. ఎన్టీఆర్ 1994 డిసెంబరులో ప్రమాణ స్వీకారం రోజే ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది, సారా మీద నిషేధం మాత్రం మిగిలింది. వేలాలు సిండికేట్ల చేతుల్లోకి పోయాయి. 2011 చివర్లో ఏసీబీ దాడులు జరిగాక, 2012లో వేలం పోయి లాటరీ వచ్చింది. ఫీజు జనాభా లెక్కన స్లాబులుగా పెట్టారు. అంటే ఊరి జనాభా రేటు కట్టడానికి పనికొచ్చింది, ఊరి అభిప్రాయం దేనికీ పనికిరాలేదు.

రాష్ట్రం విడిపోయాక ఆంధ్రలో 2019 అక్టోబరు నుంచి షాపులు ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరులో 3,396 షాపులు మళ్లీ ప్రైవేటుకు వెళ్లాయి. పది వేల లోపు జనాభా ఉన్న చోట ఫీజు 50 లక్షలు, అయిదు లక్షలు దాటితే 85 లక్షలు. తెలంగాణలో 2023 డ్రాకి 2,620 షాపుల కోసం 1.31 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి 2 లక్షలు, డ్రాలో తగలకపోయినా తిరిగివ్వరు. షాపు తెరవకముందే సర్కారుకు 2,600 కోట్లు దాటి వచ్చింది.

ఇంత పెట్టుబడి పెట్టిన వాడు మండల కేంద్రంలో కౌంటరు దగ్గర కూర్చుని బేరం కోసం ఎదురుచూడడు. అక్కడే బెల్టు షాపు పుడుతుంది. లైసెన్సు షాపు నుంచి సరుకు పల్లెలోని కిరాణా కొట్టుకు వెళ్తుంది, సీసాకి ఇంత అని పైన వేసి అమ్ముతారు. 2014లో చంద్రబాబు తొలి సంతకాల్లో బెల్టు షాపుల రద్దు ఒకటి. ఆ తర్వాతా అవి వార్తల్లో నుంచి పోలేదు. ఉత్తర తెలంగాణలో, ముఖ్యంగా నిజామాబాదు వైపు, ఇంకో విచిత్రం ఉంది. గ్రామాభివృద్ధి కమిటీలు అని పిలిచే వీడీసీలు బెల్టు షాపు హక్కును తామే వేలం వేసి, ఆ డబ్బు గుడికో ఊరి పనులకో వాడుకుంటాయి. కొన్ని పల్లెలేమో పూర్తిగా నిషేధిస్తూ తీర్మానం చేసి, అమ్మినవాడికి జరిమానా ప్రకటిస్తాయి. రెండింటికీ చట్టంలో ఆధారం లేదు. ఊరికి సక్రమంగా ఇవ్వని అధికారం అడ్డదారిలో ఎలాగూ పుట్టుకొస్తుంది, అప్పుడు అది ఆడవాళ్ల చేతికి వస్తుందన్న గ్యారంటీ ఉండదు. పెద్దమనుషుల చేతికే ఎక్కువగా వెళ్తుంది.

ఇతర రాష్ట్రాల్లో వేరే దారులు చూశారు. మహారాష్ట్రలో తగినంతమంది మహిళా ఓటర్లు అర్జీ పెడితే రహస్య ఓటింగు జరుపుతారు. బ్యాలెట్ మీద నిలబడిన సీసా, పడుకోబెట్టిన సీసా బొమ్మలుంటాయి. ఓటరు జాబితాలోని మహిళల్లో సగానికి పైగా పడుకున్న సీసాకు వేస్తే షాపు మూతపడుతుంది. రాజస్థాన్‌లోనూ ఇలాంటి నిబంధన ఉంది. 2016లో రాజ్‌సమంద్ జిల్లా కాఛబలి ఊరు ఓటేసి మరీ దుకాణం మూయించుకుంది. కేరళలో స్థానిక సంస్థల అనుమతి కావాలన్న నిబంధన ఉండేది, 2017లో ప్రభుత్వం ఆర్డినెన్సుతో తీసేసింది. హైవేల పక్క 500 మీటర్ల లోపు మద్యం షాపులు వద్దన్న సుప్రీంకోర్టు ఆదేశం అమల్లోకి వచ్చి ఆదాయం పడిపోతున్న ఏడాది అది.

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి ఓటింగుకు రాజ్యాంగ సవరణ అవసరం లేదు. ఎక్సైజ్ చట్టంలోనో దాని నియమాల్లోనో మార్పు చేస్తే చాలు, అది శాసనసభ చేతిలో పనే. ఇప్పటిదాకా ఏ పాలసీలోనూ ఆ ఊసు రాలేదు. ఆంధ్రలో 2024లో ఇచ్చిన లైసెన్సులు రెండేళ్లకు ఇచ్చినవి, 2026 సెప్టెంబరు దాకా. ఆ తర్వాతి పాలసీకి ఫీజు స్లాబులు, కమీషన్లు ఎలాగూ చర్చకు వస్తాయి. గ్రామసభ మాట కూడా రావాలంటే ఎవరో ఒక ఎమ్మెల్యే సభలో లేచి అడగాలి.