ఎయిసా గొడవ అర్థం కావాలంటే 1956 చూడాలి

వేసవి వచ్చిందంటే జపాన్‌లోని ఓకినావా ద్వీపంలో, డోళ్లతో ఆడే ఎయిసా అనే సంప్రదాయ నృత్యం మీద పాత వాదన మళ్లీ రాజుకుంటుంది. చనిపోయిన పెద్దల కోసం ఆడాల్సిన ఆటను టూరిస్టుల షోగా మార్చేశారని కొందరు, మారకపోతే బతకదని ఇంకొందరు. 17వ శతాబ్దం మొదట్లో తైచూ అనే బౌద్ధ సన్యాసి తెచ్చిన కీర్తనల దగ్గర కథ ఎత్తుకుంటే ఈ గొడవ అంతుచిక్కదు.

1956లో ఓకినావా అమెరికా సైన్యం చేతిలో ఉంది. స్థావరాల కోసం లాక్కున్న భూముల విషయంలో అమెరికా కాంగ్రెస్ కమిటీ ఇచ్చిన ప్రైస్ నివేదిక సైన్యం వైపే మొగ్గడంతో ద్వీపమంతా భగ్గుమంది. బదులుగా సైన్యం తన సిపాయిలను మధ్య ఓకినావా ఊళ్లలోకి వెళ్లొద్దంది. కడెనా స్థావరాన్ని నమ్ముకున్న కోజాలో బార్లు, కొట్లు వెలవెలబోయాయి. ఆ ఏడాదే నగరమైన కోజా ఊరికి మళ్లీ కళ తేవాలని ఎయిసా పోటీ పెట్టింది.

అంతకుముందు ఎయిసా అంటే గడప గడపకూ వెళ్లే ఆట. చాంద్రమానం ఏడో నెల 13న పెద్దలను ఇంటికి పిలిచి, 15 రాత్రి సాగనంపుతారు. ఆ రాత్రుల్లో యువజన సంఘం పిల్లలు సన్‌షిన్ అనే మూడు తీగల వాద్యంతో సాగే పాటకు సందుల్లో తిరుగుతూ ముంగిళ్లలో ఆడతారు. అప్పట్లో డోళ్లు తక్కువ, చేతుల కదలికే ఎక్కువ. మైదానంలో, దూరంగా కూర్చున్న జడ్జీలకు ఆ చేతుల ఒద్దిక ఏం కనిపిస్తుంది? డోళ్లు పెరిగాయి, దుస్తులకు హంగులొచ్చాయి, వరసలు మార్చే విన్యాసాలు చేరాయి. ఈరోజు ‘అసలైన ఎయిసా’ అంటూ చూపించే పెద్ద డోళ్ల ఆట చాలావరకు ఆ పోటీల్లో రూపు దిద్దుకున్నదే.

అయినా అందరూ ఆ దారి పట్టలేదు. హెషికియా అనే ఊరి వాళ్లు సన్యాసులను తలపించే దుస్తుల్లో, వట్టి కాళ్లతో, ‘పారంకూ’ అనే చిన్న చేతి డోలుతోనే నిలిచారు. ఊరికో బాణీ ఉన్న ఆటకు మార్కులేమిటన్న ప్రశ్న ముదిరి 1977లో పోటీ ఎత్తేశారు, అది ఉత్సవంగా మారింది.

1982లో మొదలైన ర్యూక్యూకోకు మత్సురి దైకో అనే డోళ్ల బృందం కొత్త పాటలకు డోలు కట్టి, ఊరితో పనిలేకుండా ఎవరినైనా చేర్చుకుంది. బ్రెజిల్, పెరూల్లోని ఓకినావా సంతతికి అది దగ్గరైంది. అది కాదనలేని మేలే.

కానీ ఆ మూడు రాత్రులు సందుల్లో తిరిగేది ఇప్పటికీ ఊరి యువజన సంఘాలే. పనులు ముగించుకుని వాళ్లు రాత్రిపూట ప్రాక్టీస్ చేస్తుంటే, చప్పుడు ఎక్కువైందని చుట్టుపక్కల నుంచి ఫిర్యాదులు వెళ్తున్నాయి. స్టేజీ మీద ఏ పాట పెట్టాలన్నదానికన్నా ముందు తేలాల్సింది ఇదే.