21వ అధికరణలోకి బడి ఎలా వచ్చింది?

హనుమకొండ

ప్రియమైన మనవలకు, మనవరాళ్లకు,

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఇప్పటి బతుకులకు ఎలా సరిపోతుందని అడిగారు. మీ బడినే తీసుకుని చెబుతాను.

21వ అధికరణ ఒకే ఒక్క వాక్యం. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించరాదని దాని సారం. చదువు ఊసు అందులో లేదు. అది 45వ అధికరణలో ఉండేది: పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం పదేళ్లలోగా ప్రయత్నించాలని. కానీ అది ఆదేశిక సూత్రం. అమలు చేయలేదని కోర్టుకెక్కే వీలు లేదు. పదేళ్లు కాదు, నలభై ఏళ్లు దాటినా మన ములుగు వైపు గూడేల్లో బడి ముఖం చూడని పిల్లలు ఎందరో.

ఈలోగా 21వ అధికరణపై సుప్రీంకోర్టు చూపు మారుతూ వచ్చింది. 1950లో గోపాలన్ కేసులో, స్వేచ్ఛను హరించడానికి చట్టమంటూ ఉంటే చాలన్నారు. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో, ఆ చట్టం చూపే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలన్నారు. ప్రాణమంటే ఊపిరి ఒక్కటే కాదు, గౌరవంగా బతకడమని తర్వాతి తీర్పులు చెప్పాయి.

1993లో ఉన్నికృష్ణన్ కేసు వచ్చింది. మనం అప్పుడున్న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే అందులో ప్రతివాది. ప్రైవేటు కాలేజీల ఫీజుల తగాదా కాస్తా పసిపిల్లల చదువు దాకా వెళ్లింది. 21ని 45తో కలిపి చదివి, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఉచిత విద్య ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తేల్చింది. ప్రధాన తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. అంతకు ముందు ఏడాది ఇద్దరు జడ్జీలు మోహినీ జైన్ కేసులో అన్ని స్థాయిల చదువూ హక్కే అన్నారు. ఉన్నికృష్ణన్ కేసు విన్న ఐదుగురు జడ్జీలు దాన్ని పద్నాలుగేళ్లకు కుదించారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ కుదింపే. జడ్జి తనకు మంచిదని తోచిందల్లా రాజ్యాంగంలో చొప్పించకూడదు, ఆధారం అందులోనే చూపాలి. 45 ఎక్కడ ఆగిందో వాళ్లూ అక్కడే ఆగారు.

ఎన్నిక కాని జడ్జీలకు ఇంత అధికారమా అని భయపడేవారున్నారు. ఆ భయం కొట్టిపారేయదగింది కాదు. 1976లో ఎమర్జెన్సీ వేళ ఇదే 21 జైల్లో ఉన్నవారిని ఆదుకోదని నలుగురు జడ్జీలు తీర్పిచ్చారు. జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పును కోర్టే 2017లో కొట్టేసింది.

2002లో పార్లమెంటు 86వ సవరణతో 21ఎ చేర్చి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చదువును హక్కుగా రాసేసింది. మరి ఆరేళ్ల లోపు పిల్లలు? వాళ్ల సంగతిని 45లోనే ఉంచింది. మీ వీధి అంగన్‌వాడీకి వెళ్లే చిన్నవాళ్ల చదువు ఇంకా ఆదేశిక సూత్రమే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య