రొయ్య పిల్ల కాదు, యాంఫిపాడ్: అపోహలు - వాస్తవాలు

ధ్రువ సముద్రాల నుంచి వచ్చిన చిన్న ప్రాణులను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఏది ఏ జాతో తేల్చడం నా పని. గాజు గిన్నెలో పక్కకు ఒరిగి పడుకున్న యాంఫిపాడ్‌ను, అంటే రొయ్యను పోలిన ఒక చిన్న ప్రాణిని, చూసినవాళ్లలో ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇది రొయ్య పిల్లా?" ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

అపోహ: ఇది రొయ్య పిల్ల, లేదంటే క్రిల్ (రొయ్యలాంటి చిన్న సముద్ర ప్రాణి).

రొయ్య, పీత, క్రిల్, యాంఫిపాడ్ అన్నీ క్రస్టేషియన్లు అనే ఒకే పెద్ద వర్గానివే. అయితే అది దూరపు చుట్టరికం. రొయ్యకూ క్రిల్‌కూ తలనూ రొమ్మునూ కలిపి కప్పే పెంకు ఉంటుంది. రొయ్య ఒలిచేటప్పుడు తలతో పాటు చేతికి ఊడి వచ్చేది అదే. యాంఫిపాడ్‌కు అది లేదు. తల వెనుక ఏడు ఖండితాలు, అంటే ఒంటి అడ్డ భాగాలు, విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. కళ్లు కాడల మీద ఉండవు, తలకే అతుక్కుని ఉంటాయి. దీనికి దగ్గరి బంధువులను వెతకాలంటే ఐసోపాడ్లు అనే మరో క్రస్టేషియన్ గుంపు వైపు చూడాలి, రొయ్యల వైపు కాదు.

అసలైన తేడా పిల్లల దగ్గర ఉంది. ఆంధ్ర తీరంలోని రొయ్యల హేచరీల్లో పనిచేసేవారికి నాప్లియస్, జోయా, మైసిస్ అనే రొయ్య లార్వా (తొలి పిల్ల) దశలు కంఠతా వచ్చు. క్రిల్ కూడా గుడ్లను నీటిలో వదిలేస్తుంది, వాటి నుంచి లార్వాలే వస్తాయి. యాంఫిపాడ్‌కు ఈదుతూ తిరిగే లార్వా దశే లేదు. ఆడదాని కాళ్ల మొదళ్ల దగ్గర పుట్టే పలచని పలకలు ఒకదానిపై ఒకటి చేరి, రొమ్ము కింద సంచిలా ఏర్పడతాయి. గుడ్లు అందులోనే పొదుగుతాయి. నెలలు నిండిన తల్లి నమూనాలో ఆ పలకలను సన్నని సూదితో పక్కకు జరిపితే, లోపల ముడుచుకున్న పిల్లలకు అప్పటికే కాళ్లూ, స్పర్శశృంగాలనే మీసాలూ కనిపిస్తాయి. ఎన్ని నమూనాలు చూసినా ఆ దృశ్యం దగ్గర నా చేయి కాసేపు ఆగుతుంది.

అపోహ: పేరులో 'యాంఫి' ఉంది కాబట్టి ఇది ఉభయచరం.

కప్పల పాఠం మనసులో బలంగా నాటుకుపోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. కొన్ని తెలుగు అనువాదాల్లో కూడా చూశాను. తీరం ఇసుకలో గెంతే యాంఫిపాడ్లు ఉన్నమాట నిజమే కానీ, పేరు వాటిని చూసి పెట్టింది కాదు. 1816లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లత్రేయ్ పెట్టిన ఈ పేరుకు గ్రీకు మూలం చూస్తే, 'యాంఫి' అంటే రెండు వైపులా, 'పోడ్' అంటే పాదం. అంటే రెండు వైపులకూ తిరిగిన కాళ్లు గలది.

ఆర్కిటిక్ మంచు అడుగున బతికే గామరస్ విల్కిట్జ్కీని తీసుకోండి. రొమ్ము మీద ఏడు జతల కాళ్లు. మొదటి రెండు జతల చివర పట్టుకునే కొక్కేలు ఉంటాయి. తర్వాతి రెండు జతలు ముందుకు, చివరి మూడు జతలు వెనక్కి చాచి ఉంటాయి. పేరులోని రెండు వైపులు ఇవే. ఆ కాళ్ల గోళ్లతోనే ఇది మంచు అడుగు భాగాన్ని పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది. వెనుక మూడు ఖండితాలకు ఈదే కాళ్లు, చివరి మూడింటికి తోసుకుని కదలడానికి పనికివచ్చే బిరుసు కాళ్లు, ఆ కొసన తోకపలక. మొప్పలు రొమ్ము కాళ్ల మొదళ్లలో దాగి ఉంటాయి. ఈదే కాళ్లు ఆడినప్పుడు పుట్టే నీటి ప్రవాహం వాటి మీదుగా పోతుంది. ఐసోపాడ్లు ఉదరం కింది కాళ్లతోనే ఊపిరి పీలుస్తాయి. రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు నేను మొదట చూసేది మొప్పల చోటే.

కాళ్ల వాడకానికి నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన ఉదాహరణ అంటార్కిటికాలోని హైపరియెల్లా డైలటాటా. క్లయోనీ అనే పెంకులేని నత్త రెక్కల్లాంటి అవయవాలతో ఈదుతుంది, చేపలకు గిట్టని రసాయనాన్ని ఒంట్లో ఉంచుకుంటుంది. హైపరియెల్లా దాన్ని పట్టి తన వీపు మీద పెట్టుకుని, వెనుక కాళ్లతో అదిమి పట్టుకుని తిరుగుతుంది. నత్తను మోస్తున్న యాంఫిపాడ్‌ను చేపలు నోట్లోకి తీసుకున్నా ఉమ్మేస్తాయని శాస్త్రవేత్తలు మెక్‌క్లింటాక్, జాన్సెన్ 1990లో ప్రకటించారు.

అపోహ: చలికి ఒళ్లు పెరుగుతుంది, అందుకే ధ్రువాల జీవులు పెద్దవి.

చలి ఒక్కటే కారణమైతే లెక్క కుదరదు. షాపెల్, పెక్ 1999లో 12 ప్రాంతాల నుంచి 1,853 యాంఫిపాడ్ జాతుల కొలతలను పోల్చారు. ఒక్కో చోట ఉన్న అతిపెద్ద జాతి పరిమాణం నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను అనుసరించి ఉంది. చల్లని నీటిలో ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది, ఉప్పు తక్కువైతే ఇంకా ఎక్కువ. అందుకే సైబీరియాలోని మంచినీటి బైకాల్ సరస్సులో, అంతే చల్లని సముద్రంలో కంటే పెద్ద యాంఫిపాడ్లు దొరుకుతాయి. ఈ వివరణపై చర్చ ఇంకా సాగుతోంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: ఇది గరిష్ఠ పరిమాణం గురించిన మాట. ధ్రువాల దగ్గర కూడా కొన్ని మిల్లీమీటర్లు దాటని జాతులు ఎన్నో ఉన్నాయి.

అపోహ: తిమింగలం పేను కీటకం.

కాదు. అది ఈదడం మానేసి తిమింగలం చర్మాన్నే ఇల్లు చేసుకున్న యాంఫిపాడ్.

అపోహ: వర్గీకరణ ఎప్పుడో పూర్తయింది.

విద్యార్థులు ఇలా అన్నప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. పాత పుస్తకాల్లో యాంఫిపాడ్ల క్రమం కింద నాలుగు ఉపక్రమాలు (పెద్ద విభాగాలు) ఉండేవి: గామరిడియా, హైపరియిడియా, కాప్రెల్లిడియా, ఇంగోల్ఫియెల్లిడియా. ఎక్కడా ఇమడనివన్నీ గామరిడియాలో పడేవి. లౌరీ, మయర్స్ 2013లో తోక దగ్గరి కాళ్ల కొసన ఉండే గట్టి ముళ్లను ఆధారం చేసుకుని సెంటికాడేటా అనే ఉపక్రమాన్ని ఏర్పరిచారు. 2017లో మొత్తం అమరికనే తిరగరాస్తూ ఇంగోల్ఫియెల్లాలను విడి క్రమంగా చేశారు. వారి నిర్ణయాలన్నిటినీ అందరూ ఒప్పుకోలేదు. హైపరియిడ్లు మాత్రం ఏ అమరికలోనైనా గుర్తుపట్టగలిగే గుంపు. ఆర్కిటిక్‌లోని థెమిస్టో లిబెల్లులా తలలో ఎక్కువ భాగం కళ్లే.

జాతుల స్థాయిలో పరిస్థితి ఇంకా కదులుతోంది. వీపు మీద డ్రాగన్ లాంటి ముళ్ల వరుసలుండే ఎపిమేరియా ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ సముద్రం నుంచే 20కి పైగా కొత్త జాతులను డూడెకెమ్ దాకోజ్, వెర్హాయ 2017లో వర్ణించారు. లోతు సముద్రాల్లో అంతటా ఉండే ఒకే జాతిగా భావించిన యూరిథీనిస్ గ్రిల్లస్, డీఎన్ఏ పరీక్షలో అనేక జాతులుగా విడిపోయింది. అందులో ఒకటి రెండు ధ్రువాల దగ్గరా ఉంది.

అపోహ: మంచి రంగుల ఫోటో ఉంటే జాతి తేల్చవచ్చు.

ఎపిమేరియా లాంటి కొన్నిటిలో బతికున్నప్పటి రంగు ఎంతో ఉపయోగపడుతుంది, ఫోటో తీయండి. కానీ రంగు ఆల్కహాల్‌లో కొద్ది రోజుల్లోనే వెలిసిపోతుంది. పాత వర్ణనలతో పోల్చాలంటే దవడలు, కొక్కేలు, తోకపలక చీలిక, ముళ్ల అమరిక చూడక తప్పదు. నమూనా పంపేవారికి నా విన్నపం ఒకటే: ఫార్మలిన్‌లో వేయకండి, దానిలో డీఎన్ఏ పాడవుతుంది. 96 శాతం ఇథనాల్‌లో ఉంచండి. చోటు, లోతు, తేదీ పెన్సిలుతో రాసిన చీటీని సీసా లోపలే వేయండి. పైన అతికించిన చీటీ ఊడిపోతే ఆ ప్రాణి ఎక్కడిదో చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు.