చిన్న గదికి పెద్ద అద్దె ఎలా వచ్చింది?

ఇల్లు చిన్నదైతే అద్దె తగ్గాలి. తగ్గుతుంది కూడా, కానీ అనుకున్నంత తగ్గదు. చాలా నగరాల్లో అతి చిన్న అపార్ట్‌మెంట్లకు చదరపు అడుగు లెక్కన పెద్ద ఇళ్ళకన్నా ఎక్కువే పడుతోంది. కొంత కారణం కట్టుబడిలోనే ఉంది. ఖర్చు ఎక్కువగా వంటగది, బాత్‌రూమ్, పైపుల దగ్గర అవుతుంది; ఖాళీ జాగా చౌక. ఇంటిని సగానికి కుదించినా బాత్‌రూమ్ సగం కాదు. మిగతా కారణం పాతది. అది న్యూయార్క్‌లో బాగా కనిపిస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి అక్కడి వలస కూలీలు టెనెమెంట్లనే చీకటి భవనాల్లో కిక్కిరిసి ఉండేవారు. గాలి, వెలుతురు లేక క్షయ ప్రబలింది. కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ సొంత మరుగుదొడ్డి, ప్రతి గదికీ కిటికీ ఉండాలని 1901 చట్టం చెప్పింది. దాన్ని తప్పుపట్టేదేమీ లేదు. ఒంటరిగా బతికేవాళ్ళకు ఇంకో రకం బస ఉండేది: మనిషికో గది, కారిడార్ చివర అందరికీ కలిపి బాత్‌రూమ్, వంటగది లేదు, అద్దె చాలాచోట్ల వారం వారం. వీటికి ఎస్సార్వోలని (సింగిల్ రూమ్ ఆక్యుపెన్సీ, అంటే ఒంటిగది బసలు) పేరు. రేవు కూలీలు, గుమస్తాలు, నగరానికి కొత్తగా వచ్చినవాళ్ళు, పింఛను మీద బతికే వృద్ధులు వీటిలో ఉండేవారు. వంటగదినీ బాత్‌రూమ్‌నీ పంచుకోవడం వల్లే అవి చౌక.

ఆ పంచుకోవడమే అధికారుల కంట్లో నలుసైంది. 1955లో కొత్త ఎస్సార్వోలు కట్టడాన్ని న్యూయార్క్ నిషేధించింది. 1970లలో, ఉన్నవాటిని మామూలు అపార్ట్‌మెంట్లుగా మార్చే యజమానులకు పన్ను రాయితీలు కూడా ఇచ్చింది. గదులు పోయాయి, వాటిలో ఉండాల్సిన మనుషులు పోలేదు. 1980లలో వీధుల్లో నిద్రపోయేవాళ్ళు విపరీతంగా పెరిగారు. మానసిక ఆసుపత్రుల నుంచి రోగులను పంపేయడం లాంటి కారణాలూ ఉన్నాయి గానీ, ఈ గదుల నష్టాన్ని చిన్నదిగా చూడలేం. 1985లో నగరం మేలుకొని, చట్టం చేసి మార్పిడిని ఆపబోయింది. యజమానులు కోర్టుకెక్కారు, 1989లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది.

చిన్న ఇంటిని మొదటి నుంచీ పేదల కోసమే ఆలోచించినవాళ్ళు లేకపోలేదు. 1926లో ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ప్రభుత్వ ఇళ్ళ కోసం సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న వంటగదిని రూపొందించారు. మనిషికి కనీసం ఎంత ఇల్లు కావాలన్న ప్రశ్న మీద 1929లో అదే నగరంలో ఆధునిక వాస్తుశిల్పుల అంతర్జాతీయ సభ జరిగింది. అంత చేసినా ఆ ఇళ్ళ అద్దె నైపుణ్యం లేని కూలీకి అందలేదు.

చిన్న గది మళ్ళీ వచ్చింది, ఈసారి సొంత బాత్‌రూమ్‌తో. ఒక వంటగదిని ఎనిమిది మంది వరకు వాడుకుంటే అదంతా ఒకే ఇల్లుగా లెక్కించే నిబంధన అమెరికాలోని సియాటిల్‌లో ఉండేది. 2009 నుంచి బిల్డర్లు దాన్ని పట్టుకుని చిన్న గదుల భవనాలు లేపారు. కాగితం మీద ఇళ్ళ లెక్క తగ్గి, పార్కింగ్ జాగా చూపడం, డిజైన్‌కు నగరం సమీక్ష లాంటి గొడవ తప్పడంతో అద్దె నిజంగానే తగ్గింది. ఇరుగుపొరుగు గోల చేశారు, 2014లో నగరం ఆ దారి మూసేసింది. న్యూయార్క్ మాత్రం ఇంటి వైశాల్యానికున్న 400 చదరపు అడుగుల కనీస హద్దును సడలించి ఒక ప్రయోగం చేసింది. 2016లో తెరిచిన కార్మెల్ ప్లేస్‌లో 55 ఇళ్ళు, ఒక్కోటి 260 నుంచి 360 చదరపు అడుగులు. రాయితీ అద్దె దక్కింది 22 ఇళ్ళకే. మిగతావి మార్కెట్ ధరకే పోయాయి.

హాంకాంగ్‌లో గొడవ ఇంకా తేలలేదు. అక్కడ పాత ఫ్లాట్లను అడ్డగోడలతో ముక్కలు చేసి అద్దెకిస్తారు. అలాంటి ముక్కల్లో 2 లక్షలకు పైగా మనుషులున్నారు. ప్రతి ముక్కా కనీసం 8 చదరపు మీటర్లు ఉండాలని, కిటికీ, సొంత మరుగుదొడ్డి ఉండాలని ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రకటించింది. అంతకన్నా చిన్న గదుల్లో ఉన్నవాళ్ళ టెన్షన్ మాత్రం వేరు: ఓనరు గదిని పెంచితే అద్దె పెరుగుతుంది, పెంచకపోతే గదే పోతుంది.