ప్లేనో, ఇర్వింగ్ డార్ట్‌ను వదిలేస్తే కారు లేనివాళ్ల సంగతేంటి?

2025 నవంబర్ మొదట్లో టెక్సాస్‌లో డాలస్ చుట్టుపక్కల ఉన్న ప్లేనో, ఇర్వింగ్, ఫార్మర్స్ బ్రాంచ్, హైలాండ్ పార్క్ నగర కౌన్సిళ్లు వరసగా ఒకే నిర్ణయం తీసుకున్నాయి. డాలస్ ప్రాంత రవాణా సంస్థ డార్ట్‌లో ఉండాలా, బయటికి రావాలా అని 2026 మే 2న ఓటర్లను అడగాలన్నదే ఆ నిర్ణయం. ప్లేనో నుంచి డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టుకు వెళ్లే సిల్వర్ లైన్ రైలు అక్టోబర్ 25న మొదలైంది. ప్లేనో కౌన్సిల్ తీర్మానం చేసేనాటికి దానికి రెండు వారాలు కూడా నిండలేదు.

డార్ట్ 1983లో ఎలా పుట్టిందో, రైలు పట్టాలు ఎక్కడెక్కడ పడ్డాయో అక్కడ ఉండేవాళ్లకు తెలిసిందే. సభ్య నగరాలు అమ్మకపు పన్నులో ఒక శాతం డార్ట్‌కు ఇస్తాయి. గొడవంతా ఆ ఒక్క శాతం గురించే.

టెక్సాస్‌లో రాష్ట్రం 6.25 శాతం అమ్మకపు పన్ను వసూలు చేస్తుంది. దానిమీద స్థానికంగా 2 శాతానికి మించి వేయకూడదు. అందులో ఒక శాతం నగరం ఖర్చులకు పోతే మిగిలేది ఇంకో శాతమే. సభ్య నగరాలు డార్ట్‌కు ఇచ్చేది దాన్నే. ఈ రెండో శాతాన్ని పరిశ్రమలు, వ్యాపారాలు రప్పించడానికి వాడుకునే దారి 1989లో ఒక చట్టంతో తెరుచుకుంది, 1991లో ఇంకాస్త వెడల్పయింది. అదే 1989లో కొప్పెల్, ఫ్లవర్ మౌండ్ ఓటు వేసి డార్ట్ నుంచి బయటపడ్డాయి. ఫ్రిస్కో, ఆలెన్, మెకిన్నీ అసలు చేరనేలేదు. ఆ శాతాన్ని ఆర్థికాభివృద్ధి కార్పొరేషన్లకు కేటాయించుకున్నాయి. ఫ్రిస్కోలో కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు ఆఫీసు ఉన్న ద స్టార్ నిర్మాణంలో ఆ సొమ్ము కూడా ఉంది. పక్క ఊరు ఎదిగిపోతుంటే మనం బస్సులకు ఎందుకు కట్టాలన్న మాట ప్లేనోలో అప్పటినుంచీ ఉంది.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. డార్ట్ చేయించిన అధ్యయనమే 2023లో ప్లేనో నుంచి సుమారు 11 కోట్ల డాలర్లు వస్తే, ప్లేనో మీద ఖర్చయింది సుమారు 4.4 కోట్లని లెక్క తేల్చింది. కొంత సొమ్ము వెనక్కి ఇప్పించే బిల్లు 2025లో శాసనసభలో ముందుకు సాగలేదు. డార్ట్ బోర్డు 5 శాతం తిరిగి ఇస్తామన్నా నగరాలకు సరిపోలేదు.

అయితే బయట ఉన్న ఊళ్లలో కారు నడపలేనివాళ్లకు ఏం జరిగిందన్నది ఈ లెక్కల్లో కనపడదు. నా దృష్టిలో ఈ వివాదానికి అసలు మలుపు 2015లో ఉంది.

ప్లేనోకు ఉత్తరాన ఉన్న కాలిన్ కౌంటీ ఊళ్లలో వృద్ధులను, వికలాంగులను, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లను ఆసుపత్రులకు, పనులకు చేర్చే బాధ్యత 2013లో షెర్మన్ కేంద్రంగా పనిచేసే టాప్స్ అనే సంస్థ తీసుకుంది. దానికి సొంత పన్ను ఆదాయం లేదు. ఫెడరల్, రాష్ట్ర గ్రాంట్లే ఆధారం. త్వరత్వరగా విస్తరించింది, అప్పుల్లో కూరుకుపోయింది, 2015 చివరికల్లా కాలిన్ కౌంటీ నుంచి తప్పుకుంది. వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్లే మనిషికి బండి ఆగిపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఆ తర్వాత ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఫ్రిస్కో డెంటన్ కౌంటీ రవాణా సంస్థతో ఒప్పందం పెట్టుకుంది. ఆ బండి 65 దాటినవాళ్లకు, వికలాంగులకు, వైద్యం పనిమీద వెళ్లేవాళ్లకు. మెకిన్నీ సొంతంగా ఒక రవాణా జిల్లా ఏర్పాటు చేసుకుంది. ఆలెన్ లాంటి ఊళ్లు డార్ట్‌తోనే ఒప్పందం చేసుకుని, నగరం సాయంతో నడిచే టాక్సీ ఏర్పాటు తెచ్చుకున్నాయి. సభ్యత్వం అక్కర్లేదనుకున్న ఊళ్లు కూడా కష్టం వచ్చినప్పుడు డార్ట్ తలుపే తట్టాయి.

ఇలా ఊరికొక పద్ధతి కాకుండా చూడటానికే సమన్వయం అనే ఆలోచన వచ్చింది. 2003లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్కేస్తే, ఇలాంటివాళ్ల ప్రయాణాలకు డబ్బిచ్చే ఫెడరల్ పథకాలు 62 తేలాయి. 2004లో అధ్యక్షుడు బుష్ సమన్వయం మీద ఉత్తర్వు ఇచ్చారు. 2005 చట్టం ప్రతి ప్రాంతమూ స్థానికంగా ప్రణాళిక రాసుకోవాలంది. డాలస్ ప్రాంతానికి ఉన్నది ‘యాక్సెస్ నార్త్ టెక్సాస్’. కానీ తక్కువ జీతాల పనివాళ్లను ఉద్యోగానికి చేర్చడానికి విడిగా ఉన్న నిధిని 2012లో ఎత్తేసి మామూలు రవాణా నిధుల్లో కలిపేశారు. అందుకే రాత్రి షిఫ్టు గోడౌన్ కార్మికుడి పేరు ప్రణాళికలో ఉంటుంది కానీ అతనికోసం పక్కన పెట్టిన డబ్బు ఉండదు.

ఇప్పుడు ప్లేనో, ఇర్వింగ్‌లలో వికలాంగులకు డార్ట్ ఇంటికి పంపే పారాట్రాన్సిట్ బండి దయతో నడిచేది కాదు, 1990 నాటి వికలాంగుల చట్టం ఇచ్చిన హక్కు. ఎందుకు వెళ్తున్నారని అడగకూడదు. డాక్టర్ దగ్గరికైనా గుడికైనా ఒకటే. చార్జీ మామూలు బస్సు టికెట్టుకు రెట్టింపు దాటకూడదు. కానీ ఆ హక్కు బస్సు రూటుకు ముప్పావు మైలు లోపలే వర్తిస్తుంది. రూటు పోతే చట్టం పెట్టిన బాధ్యత కూడా పోతుంది. ఆ తర్వాత నగరం ఏది ఇస్తే అదే, ఎంతకాలం ఇస్తే అంతకాలమే.

బయటికి రావాలనేవాళ్లు యాప్‌లో పిలిస్తే వచ్చే షటిల్ చాలంటున్నారు. ఆర్లింగ్టన్‌లో 2017 నుంచి అలాంటిది నడుస్తోంది, 2021కి నగరమంతా విస్తరించింది. పనికొచ్చే ఏర్పాటే. అయితే ఆర్లింగ్టన్ దాంతోపాటు వృద్ధులకు, వికలాంగులకు హ్యాండీట్రాన్ పేరుతో విడిగా బండ్లు నడుపుతోంది. ప్లేనోలో ఎక్కి డాలస్ ఆసుపత్రిలో దిగాల్సినవాళ్లకు ఊరి షటిల్ ఎంతవరకు ఆదుకుంటుంది? ఈ ప్రశ్నకు ఓటింగ్‌కు ముందే కాగితం మీద జవాబు రావాలి. ఎందుకంటే వదిలేయాలని తీర్పు వస్తే, ఫలితాన్ని అధికారికంగా ఖరారు చేసిన మర్నాడే డార్ట్ సేవలన్నీ ఆగుతాయి, పారాట్రాన్సిట్‌తో సహా. పన్ను మాత్రం ఆగదు. తమ వాటా అప్పు తీరేదాకా ఆ ఒక్క శాతం డార్ట్‌కే వెళ్తుంది. అంటే కొత్త షటిల్‌కు డబ్బు వేరేచోట నుంచి తేవాలి.

ఇర్వింగ్, ప్లేనోలలో మన తెలుగువాళ్లు చాలామంది. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు కారు నడపలేక, పిల్లలు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇంట్లోనే కూర్చునే ఇళ్లు ఎన్నో. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనేవాటి మీద ఈ పన్ను కడుతున్నా ఓటు వేయలేరు. కౌన్సిల్ సమావేశాల్లో మాట్లాడటానికి మాత్రం పౌరసత్వం అక్కర్లేదు. పౌరసత్వం వచ్చినవాళ్లు మే 2 ఓటుకు నమోదు కావడానికి 2026 ఏప్రిల్ 2 వరకే గడువు ఇచ్చారు.