పొగ మాతే రుచి: ముక్కుకు అందేది, అందనిది

దక్షిణ అమెరికాలో టీలాగా నీళ్ళు పోసుకుని తాగే ఆకు యెర్బా మాతే. దాని ప్యాకెట్ విప్పితే కొన్నింటిలో ఎండుగడ్డి వాసన వస్తుంది, కొన్నింటిలో కట్టెల పొయ్యి వాసన. చెట్టు ఒకటే. తేడా అంతా ఆకును ఆరబెట్టిన తీరులో ఉంది. పొగ రకాన్ని మొదటిసారి తాగినవాళ్ళు ఒక్క గుక్కతో తీర్పు చెప్పేస్తారు: కొందరికి అద్భుతం, కొందరికి బూడిద నీళ్ళు. నిజానికి ఒక్క గుక్కలో తేలే విషయం కాదిది.

మాతే మన టీకి చుట్టం కాదు. ఐలెక్స్ పరాగ్వారియెన్సిస్ అనే ఈ చెట్టుది క్రిస్మస్ అలంకరణల్లో వాడే హాలీ మొక్కల కుటుంబం. పరాగ్వే, దక్షిణ బ్రెజిల్, అర్జెంటీనాలోని మిసియోనెస్, కొరియెంతెస్ రాష్ట్రాలు దీని సొంతగడ్డ. స్పెయిన్ వాళ్ళు రాకముందే అక్కడి గువరానీ ప్రజలు ఈ ఆకును వాడేవారు. ఇందులో కెఫీన్ ఉంటుంది, చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ కూడా కొంత ఉంటుంది. కెఫీన్ కోసమే తాగేవాళ్ళకు ఇంతకు మించి అక్కర్లేదు గానీ, రుచి చూడాలంటే తయారీ దగ్గరికి వెళ్ళాలి.

కోసిన ఆకును ఒక రోజులోపే మంట మీదుగా పోనిస్తారు. దీన్ని సపెకాదో అంటారు. వంకాయ కోసి పెడితే నల్లబడినట్టు, ఈ ఆకు కూడా ఊరికే వదిలేస్తే నల్లబడుతుంది. దానికి కారణమైన ఎంజైమును మంట వేడి కాసేపట్లోనే పనిచేయకుండా చేస్తుంది. ఇదే పని గ్రీన్ టీలో ఆవిరితోనో, వేడి మూకుడుతోనో చేస్తారు. కాబట్టి 'పొగ లేనిది' అని అమ్మే మాతే కూడా చాలావరకు ఒకసారి మంటను చూసి వచ్చిందే.

పొగ రకం దారి మారేది ఆ తర్వాత, ఆరబెట్టే దగ్గర. దక్షిణ బ్రెజిల్‌లో కరీజో అనే పాత పద్ధతి ఉంది. కర్రల అటక మీద ఆకు, దాని కిందే మంట. పొగంతా నేరుగా ఆకుకే పడుతుంది. బార్బకువా కాస్త మర్యాదైన ఏర్పాటు. మంట దూరంగా వేస్తారు, వేడిగాలి నేల కింది సొరంగం గుండా వచ్చి, కర్రలతో అల్లిన గుమ్మటం మీద పరిచిన ఆకును గంటల తరబడి ఆరబెడుతుంది. ఆ వేడిలో, ఆ పొగలో పైకెక్కి ఆకును తిరగేసే మనిషిని ఊరూ అంటారు. ఆకు ఎప్పుడు ఆరిందో చెప్పడానికి అతనికి చెయ్యీ ముక్కే కొలమానాలు. ఇప్పటి పెద్ద ఫ్యాక్టరీల్లో కన్వేయర్ బెల్టుల మీద వేడిగాలితో ఆ పని త్వరగా అయిపోతుంది, పొగ అంతగా అంటదు.

కట్టెకు గట్టిదనం ఇచ్చే పదార్థం లిగ్నిన్. సరిగ్గా మండకుండా వేడికి విరిగిపోయినప్పుడు దాని నుంచి గ్వయకోల్, సిరింగోల్, క్రెసాళ్ళు వంటి ఫినాళ్ళు పుడతాయి. మనం పొగ వాసన అనేదానికి ప్రధాన కారణం ఇవే. గట్టి కలప పొగలో సిరింగోల్ పాలు ఎక్కువ, పైన్ లాంటి మెత్తటి కలప పొగలో గ్వయకోల్‌దే పైచేయి. గ్వయకోల్‌ను మన ముక్కు ఎంత తేలిగ్గా పట్టేస్తుందంటే, వందకోట్ల పాళ్ళ నీటిలో కొన్ని పదుల పాళ్ళున్నా చాలు. అందుకే కాస్త పొగ కూడా ఆకు వాసనను పూర్తిగా మింగేయగలదు.

ఆరిన ఆకును అర్జెంటీనా, పరాగ్వేలలో నెలల తరబడి, కొందరైతే రెండేళ్ళ దాకా నిల్వ ఉంచుతారు. ఈలోపు ఆకు పచ్చదనం పసుపు వైపు తిరుగుతుంది, పొగ పదును తగ్గుతుంది. బ్రెజిల్‌లో షిమహావ్ అనే వేడి మాతే కోసం అమ్మే మెత్తటి పొడి ఇందుకు విరుద్ధం, అది తాజాగా, పచ్చగా ఉన్నప్పుడే తాగేస్తారు.

ఇక రుచి. ముందు పొడిగా ఉన్నప్పుడే ఒక తెల్లటి పళ్ళెంలో పోసి చూడాలి. ఆకు ముక్కలు, పుల్లలు, దుమ్ము ఏ పాళ్ళలో ఉన్నాయి? అర్జెంటీనా ఆహార నియమావళి పుల్లలతో కూడిన రకంలో పుల్లలు 35 శాతం దాటకూడదంటుంది. పుల్లలు ఎక్కువుంటే రుచి తేలిక, దుమ్ము ఎక్కువుంటే చేదు ముందే దిగుతుంది. తర్వాత వాసన చూడాలి, గోరువెచ్చటి నీళ్ళు చిలకరించి మళ్ళీ చూడాలి. ఇక్కడే పొగ వాసననూ మాడు వాసననూ వేరు చేయాల్సింది. పొగ బయటి నుంచి వచ్చి ఆకు మీద కూర్చున్నది. మాడు వాసన వేడి మించి ఆకే కాలడం వల్ల వచ్చింది, అది తయారీలో లోపం. ఫినాయిల్ గుర్తొస్తే క్రెసాళ్ళు ఎక్కువైనట్టు. బూజు వాసన వస్తే నిల్వ చేసిన గదిలో చెమ్మ ఉన్నట్టు, అలాంటిది తాగకపోవడమే మంచిది.

మాతే తాగే బుర్ర మనకు తెలియనిది కాదు. అది ఎండిన సొరకాయే, లాగినేరియా సిసెరారియా, మన పాదుల మీద కాసే జాతే. అయితే రుచి బేరీజు వేయడానికి మాత్రం బుర్ర పనికిరాదు. పాత బుర్ర తాను తాగిన ప్రతి మాతేనూ గుర్తుపెట్టుకుంటుంది, పొగ దాని గోడల్లోకి ఇంకిపోతుంది. పింగాణీ కప్పో గాజు గ్లాసో వాడితే తకరారు ఉండదు.

బొంబియ్యా అనే లోహపు గొట్టం కూడా ఒక తిరకాసు పెడుతుంది. కప్పుతో టీ తాగేటప్పుడు పెదవికి అందకముందే ఆవిరి ముక్కుకు తగులుతుంది. గొట్టంతో పీలిస్తే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. మింగాక నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కేదే మిగులుతుంది. అందుకే ప్యాకెట్‌లో గుప్పుమన్న పొగ గొట్టంలో మెత్తగా అనిపించవచ్చు. మింగిన వెంటనే ముక్కుతో గాలి వదిలితే అసలు సంగతి తెలుస్తుంది.

పాత్రలో మూడింట రెండు వంతులు ఆకు వేసి, ఒక పక్కకు వాలుగా పేర్చి, ముందు గోరువెచ్చటి నీళ్ళతో తడిపి, తర్వాత 70–80 డిగ్రీల నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తారు. మరిగే నీళ్ళు పోయరు, గొట్టంతో కలపరు. అదే ఆకు మీద మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోస్తూ, ఒకే పాత్రను అందరూ వంతులవారీగా తాగుతారు. మొదటి పోత చాలా ఘాటు కాబట్టి పోసే మనిషే దాన్ని తాగాలి. ఆ వాటాకు అర్జెంటీనాలో 'వెర్రివాడి మాతే' అని పేరు. మర్యాద కోసం పెట్టిన ఆ ఆచారం రసాయనశాస్త్రానికీ సరిపోతుంది, ఎందుకంటే కెఫీన్, గ్వయకోల్ లాంటి చిన్న అణువులు ముందే నీళ్ళలోకి దిగిపోతాయి. మొదటి పోతతో తీర్పు చెప్పడమంటే పొగను మాత్రమే చూసి ఆకును చూడకపోవడం.

నా దృష్టిలో అసలు పరీక్ష మూడో నాలుగో పోతల్లో ఉంది. పొగ కాస్త వెనక్కి తగ్గాక దాని వెనక ఏముంది? మంచి ఆకైతే అప్పుడు ఎండు ఆకుల తీపి, గింజల కమ్మదనం, శుభ్రమైన చేదు పైకి వస్తాయి. బూడిద రుచీ నీళ్ళూ మాత్రమే మిగిలితే నాసిరకం ఆకును పొగతో కప్పారన్నమాట. ఈ పని చేసే వ్యాపారులు ఎక్కడైనా ఉంటారు.

వగరు దగ్గర కూడా పొరపాటు జరుగుతుంది. చేదు నాలుక పట్టే రుచి, అందులో కెఫీన్‌కూ, నురగ పుట్టించే సాపోనిన్లకూ వాటా ఉంది. వగరు చాలావరకు స్పర్శ. ఆకులోని పాలీఫినాళ్ళు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని గడ్డకట్టిస్తే నోరు గరుకుగా, పొడిగా అనిపిస్తుంది. నీళ్ళు మరీ వేడైతే వగరు ఎక్కువ దిగుతుంది, గొంతు ఆరిపోయినట్టుంటుంది, నింద పొగ మీద పడుతుంది. అనుమానం తీరాలంటే అదే ఆకును చల్లటి నీళ్ళతో తాగి చూడాలి. పరాగ్వే వాళ్ళు తెరెరె పేరుతో రోజూ తాగేది అదే. మూలికలతో కూడిన ఆ సంప్రదాయం 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. చల్లటి నీళ్ళలో చేదు, వగరు తగ్గి పొగ విడిగా తెలుస్తుంది.

రెండు మూడు రకాలు పోల్చేటప్పుడు పొగ లేనిదాన్ని ముందు తాగండి. పొగకు అలవాటుపడ్డ ముక్కు తర్వాతి కప్పులో దాన్ని సగమే పసిగడుతుంది. కప్పుల కింద నంబర్లు రాసి, ఏది ఏదో తెలియకుండా వేరొకరితో పోయించుకుంటే ఇంకా మేలు. 'పొగబెట్టినది' అని లేబుల్ చదివాక అందరికీ కాస్త ఎక్కువ పొగే తగులుతుంది.

ఇంతవరకు ముక్కు పని. ఆ తర్వాతది ల్యాబ్ పని. పొగలో ఫినాళ్ళతో పాటు పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు కూడా ఉంటాయి. వాటిలో బెంజోపైరీన్ క్యాన్సర్ కారకమని తేలింది. 2008లో వెలువడిన ఒక పరిశోధనలో 8 బ్రాండ్ల మాతే ఆకును పరీక్షిస్తే, గ్రాముకు సుమారు 8 నుంచి 53 నానోగ్రాముల దాకా బెంజోపైరీన్ కనిపించింది. ఒక బ్రాండు ఆకు మీద 12 సార్లు వేడినీళ్ళు పోస్తే అందులో సగం దాకా నీళ్ళలోకి వచ్చింది. చల్లటి మాతేలోనూ ఈ పదార్థాలు దొరికాయి. వీటికి ఆ మోతాదులో వాసన లేదు, రుచి లేదు. పొగ వాసన ఘాటుగా ఉన్న ప్యాకెట్‌లో ఇవి ఎక్కువుంటాయన్న హామీ లేదు, మెత్తగా ఉన్నదాంట్లో తక్కువుంటాయనీ కాదు. గొప్ప రుచి ఉన్న మాతే శుభ్రమైనదని ఏ నిపుణుడూ నాలుకతో చెప్పలేడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1991లో వేడి మాతేను 'బహుశా క్యాన్సర్ కారకం' అన్న వర్గంలో పెట్టింది. 2016లో మళ్ళీ పరిశీలించి, 65 డిగ్రీలు దాటిన ఏ పానీయానికైనా ఆ ముద్ర వేసి, అంత వేడి లేని మాతేపై తీర్పు చెప్పడానికి ఆధారాలు చాలవంది. అంటే దోషం అంతా ఆకుది కాదు, కొంత తొందరపడి పీల్చే వేడి గుక్కది. బొంబియ్యాలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే వేడి నీళ్ళు పెదవికి హెచ్చరిక ఇవ్వకుండా నేరుగా లోపలికి వచ్చేస్తాయి.

నాకైతే రోజువారీ తాగడానికి పొగ తగలకుండా ఆరబెట్టిన రకం, ఆదివారం సావకాశంగా కూర్చున్నప్పుడు బార్బకువా అన్న లెక్క బాగుంది. కొన్నాక ఆ ప్యాకెట్‌ను టీ పొడి డబ్బా పక్కన మాత్రం పెట్టకండి. వారం తిరిగేసరికి ఇంట్లో టీ అంతా పొగ వాసన కొడుతుంది.