వద్దన్నా వచ్చిపడిన ప్రభు బిరుదు: బెన్ కుటుంబం, 1961 నాటి తీర్పు

బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభలో పుట్టుకతో వచ్చే సీట్లను పూర్తిగా తీసేయాలంటూ కియర్ స్టార్మర్ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో బిల్లు పెట్టింది. ఆ చర్చ ఎప్పుడు వేడెక్కినా ఒక ఇంటిపేరు పైకి వస్తుంది. లేబర్ నేత టోనీ బెన్ ఆ సభలోకి వెళ్లనంటూ ఏళ్ల తరబడి పోరాడారు. ఆయన పెద్దకొడుకు స్టీఫెన్ 2021లో అదే సభలోకి వారసత్వ సభ్యుడిగా వెళ్లారు. బిల్లు తెచ్చిన మంత్రివర్గంలో ఉన్న హిలరీ బెన్ స్టీఫెన్ తమ్ముడే. తండ్రి వద్దన్నది కొడుకు ఎందుకు తీసుకున్నాడన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దానికి జవాబు ఆ ఇంట్లో కంటే 1961లో జరిగిన ఒక ఉప ఎన్నికలో, దాని తర్వాత వచ్చిన చట్టంలో దొరుకుతుంది.

టోనీ బెన్ మంత్రి పదవులు, లేబర్ పార్టీలో ఆయన వామపక్ష పోరాటాలు, డైరీలు చాలామందికి తెలిసినవే. ఇక్కడ కావాల్సింది 1960 నవంబరు 17. ఆ రోజు ఆయన తండ్రి చనిపోయారు. అప్పటికి పదేళ్లుగా బ్రిస్టల్ సౌత్ ఈస్ట్ ప్రజలు ఎన్నుకున్న ఎంపీగా ఉన్న బెన్, ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండానే తండ్రి బిరుదుకు వారసుడై రెండో వైకౌంట్ స్టాన్స్‌గేట్ అనే ప్రభువు అయిపోయారు. ప్రభువుకు, ప్రజలు ఎన్నుకునే కామన్స్ సభలో చోటు లేదు. సీటు పోయింది.

ఆ బిరుదు తాతముత్తాతల నాటిదేమీ కాదు. తండ్రి విలియం వెడ్జ్‌వుడ్ బెన్‌కు 1942లో వచ్చింది. ఈయన మనవాళ్లకు కొత్తవాడు కాదు. 1929 నుంచి 1931 వరకు భారత వ్యవహారాల మంత్రి. ఇక్కడ ఉప్పు సత్యాగ్రహం జరిగి వేలమంది జైళ్లు నింపినప్పుడు లండన్‌లో ఆ శాఖ ఆయన చేతిలోనే ఉంది. యుద్ధకాలంలో ప్రభువుల సభలో లేబర్ బలం తక్కువగా ఉందని ఆయన్ను అక్కడికి పంపారు. ఒప్పుకునే ముందు పెద్దకొడుకు మైకేల్‌ను అడిగారు. మతగురువు కావాలనుకుంటున్న మైకేల్ అభ్యంతరం చెప్పలేదు. పదహారేళ్ల టోనీని ఎవరూ అడగలేదు. 1944లో వైమానిక దళంలో పనిచేస్తూ మైకేల్ చనిపోవడంతో వారసత్వం తమ్ముడి మీద పడింది. రాబోయేది తెలిసి టోనీ, తండ్రి బతికుండగానే 1955లో బిరుదు వదులుకునేందుకు అనుమతి కోరారు. అది కుదరలేదు.

అందుకే 1961 మే 4 నాటి ఉప ఎన్నిక నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. అనర్హుడని తెలిసి కూడా బెన్ నిలబడ్డారు. అనర్హుడని తెలిసి కూడా బ్రిస్టల్ జనం ఓటేశారు. బెన్‌కు 23,275 ఓట్లు, కన్సర్వేటివ్ అభ్యర్థి మాల్కం సెయింట్ క్లెయిర్‌కు 10,231. అంతకుముందు ఎన్నికలో వచ్చిన మెజారిటీ రెట్టింపు దాటింది. గెలిచి వస్తే సభ గుమ్మం దగ్గరే ఆపేశారు. వ్యవహారం ఎన్నికల కోర్టుకు వెళ్లింది. ఆయన అనర్హుడని ఓటర్లకు ముందే తెలుసు కాబట్టి ఆ ఓట్లన్నీ వృథా చేసినట్టేనని జడ్జీలు తేల్చారు. 13,044 ఓట్ల తేడాతో ఓడిన మనిషి ఎంపీ అయ్యాడు. ఒక్క నియోజకవర్గం మొత్తం తెలిసి తెలిసి ఇచ్చిన తీర్పును ఒక మనిషి పుట్టుక కొట్టేసింది. అప్పటిదాకా బెన్ సొంత గొడవగా కనిపించినది అక్కడితో ఓటర్ల సమస్యగా మారింది.

ఒకరిని వదిలేస్తే వారసత్వ సభ పునాదే కదులుతుందన్నది బెన్‌ను వ్యతిరేకించినవాళ్ల వాదన. కానీ ఆ తీర్పు తర్వాత ఆ మాట నిలబెట్టుకోవడం వాళ్లకే కష్టమైంది. కన్సర్వేటివ్ నాయకుడు చర్చిల్ కూడా ఈ విషయంలో బెన్ పక్షమే. చివరికి 1963 జులై 31న బిరుదులు వదులుకునే చట్టం వచ్చింది. ఆ సాయంత్రమే బెన్ తన బిరుదు వదులుకున్నారు, అలా చేసిన మొదటివారు ఆయనే. చట్టం మారితే తప్పుకుంటానన్న సెయింట్ క్లెయిర్ మాట నిలబెట్టుకుని రాజీనామా చేశారు. ఆగస్టు 20న బెన్ తిరిగి ఎన్నికయ్యారు.

ఆ చట్టం తదుపరి సాధారణ ఎన్నికల తర్వాతే అమల్లోకి రావాలని ప్రభుత్వం మొదట అనుకుంది. వెంటనే అమలయ్యేలా మార్చింది ప్రభువుల సభే. ఆ మార్పు వల్లే అదే ఏడాది అక్టోబరులో ప్రధాని అయిన లార్డ్ హోమ్ తన బిరుదు వదిలి కామన్స్‌కు రాగలిగారు. బెన్ ఒంటరిగా తోసిన తలుపు కన్సర్వేటివ్ ప్రధానికీ దారి ఇచ్చింది.

కానీ ఆ చట్టం చేసింది సగం పనే. వద్దనుకున్నవాడు బయటికి రావచ్చు, సీటు మాత్రం అలాగే ఉండిపోయింది. వదులుకోవడం కూడా ఆ మనిషి జీవితకాలానికే. 2014 మార్చి 14న బెన్ చనిపోగానే బిరుదు స్టీఫెన్‌కు వెళ్లింది. తండ్రి దాన్ని శాశ్వతంగా చెరిపేయాలనుకున్నా చట్టం ఒప్పుకోదు. స్టీఫెన్‌ను విమర్శించేవాళ్లు ఈ సంగతి దాటేస్తున్నారు.

బిరుదుతోపాటు సీటు కూడా నేరుగా రాలేదు. 1999లో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం ఆరువందల మందికి పైగా వారసత్వ ప్రభువులను పంపించేసింది. ప్రభువుల సభలో కన్సర్వేటివ్‌ల నాయకుడైన క్రాన్‌బోర్న్‌తో కుదిరిన ఒప్పందం మేరకు 92 మందిని ఉంచింది. తర్వాతి సంస్కరణ వచ్చేదాకా తాత్కాలికమన్నారు. ఆ తాత్కాలికం పాతికేళ్లు నడిచింది. ఎవరైనా చనిపోతే లేదా తప్పుకుంటే మరో వారసుడిని ఉప ఎన్నికలో ఎన్నుకునేవారు. 2021లో లేబర్‌కు కేటాయించిన సీటు ఖాళీ అయితే దానికి స్టీఫెన్ పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఒకప్పుడు తండ్రికి వేలమంది వేసిన ఓట్లు చెల్లలేదు. కొడుక్కి ఒక్క ఓటు కూడా అవసరం కాలేదు.

సభలో ఉన్న వారసత్వ సభ్యులు అనుభవజ్ఞులు, కమిటీల్లో కష్టపడుతున్నారు, కొత్తవాళ్లను ఆపి వీళ్లను ఉండనివ్వండి అని కన్సర్వేటివ్‌లు అన్నారు. 2025 జులైలో ప్రభువుల సభ ఆ మేరకు బిల్లును సవరించింది కూడా. వాళ్ల పని మీద ఫిర్యాదు ఎవరికీ పెద్దగా లేదు. అయితే బ్రిస్టల్‌లో అడిగిన ప్రశ్న వేరు: చట్టాలు చేసే కుర్చీ ఎవరి ఓటుతో వచ్చింది? 1963 చట్టం దాన్ని పక్కన పెట్టి, కుర్చీ వద్దనేవాళ్లకు మాత్రమే దారి చూపించింది. స్టార్మర్ బిల్లు ముట్టుకున్నది ఆ మిగిలిన సగాన్ని.